మంచం పట్టిన రోజులకు ముందుచూపు



సంక్రాంతి వెళ్లిందంటే మన మిర్యాలగూడ ఇళ్లల్లో ఎంత హడావుడి! మిల్లు నుంచి ఏడాదికి సరిపడా బియ్యం తెప్పించుకుంటాం. నీడన ఆరబోసి, వేపాకు వేసి డబ్బాలకు ఎత్తుకుంటాం. ఎండలు ముదిరేలోగా చింతపండు, మిరపకాయలు, పప్పులు, ఆవకాయ జాడీలు అన్నీ సిద్ధం. పిల్లల చదువుకు చిట్టీ, అమ్మాయి పెళ్లికి బంగారం, ఆపతికి అడుగున దాచిన నాలుగు పైసలు, ఇవన్నీ ఆడవాళ్ల ముందుచూపే కదా!

ఇంత ముందుచూపు గల మనం ఒక్క సంగతి మాత్రం తలుచుకోము. ఇంట్లో ఒక మనిషి మంచాన పడి, నెలా రెండు నెలలు కాదు, ఏళ్ల తరబడి చూసుకోవలసి వస్తే ఆ ఖర్చు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ మాట అనుకోవడమే అశుభమని నోటికి చేయి అడ్డం పెట్టుకుంటాం. నేనూ అంతే. మా అత్తమ్మ పడిపోయిన రోజు వరకూ నాకూ ఆ ఆలోచన లేదు. అందుకని ఈరోజు నా అనుభవంలో నేర్చుకున్న నాలుగు మాటలు మీతో చెప్పుకుందామని వచ్చాను.

మా ఇంటి లెక్క

2019 ఆగస్టు నెలలో మా అత్తమ్మకు పక్షవాతం వచ్చింది. తెల్లవారి లేచి వాకిలి ఊడుస్తూ పడిపోయింది. కుడి చేయి, కుడి కాలు, మాట మూడూ పోయినయి. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంచాం. బిల్లు 2 లక్షల 14 వేలు అయింది. మా వారు ముందుచూపుతో ఆమె పేర తీసుకున్న ఆరోగ్య బీమా ఉంది కనుక కంపెనీ వాళ్లు 1 లక్షా 86 వేలు కట్టారు. మేము చేతి నుంచి పెట్టుకున్నది 28 వేలే. "చూశావా, ఇన్సూరెన్సు ఉండబట్టి బతికిపోయాం" అన్నారు మా వారు. నేనూ నిజమే అనుకున్నాను.

అసలు ఖర్చు ఇంటికి వచ్చినాక మొదలైంది.

పగలు చూసుకోవడానికి ఒక ఆయమ్మను పెట్టుకున్నాం, నెలకు 14,000. డైపర్లు, దూది, చేతి తొడుగులు, రబ్బరు గుడ్డలు కలిపి 5,000. మందులు 3,500. ఫిజియోథెరపీ ఆయన వారానికి మూడుసార్లు వచ్చి పోతే 5,000. ముక్కు గొట్టం ద్వారా పోసే ఆహారపు పొడి, జావలు 1,500. అంతా కూడితే నెలకు 29,000 రూపాయలు. ఏడాది తరువాత ఫిజియోథెరపీ మానేశాం, అప్పుడు 24,000. అత్తమ్మ ఆ స్థితిలో 38 నెలలు బతికింది. లెక్క వేసుకోండి. మొదటి పన్నెండు నెలలకు 3 లక్షల 48 వేలు, తక్కిన ఇరవై ఆరు నెలలకు 6 లక్షల 24 వేలు. మొత్తం 9 లక్షల 72 వేలు!

ఇందులో బీమా కంపెనీ ఇచ్చింది ఒక్క రూపాయి కూడా లేదు. పదకొండు రోజుల ఆసుపత్రికి బీమా ఉంది, ముప్పై ఎనిమిది నెలల మంచానికి లేదు. పోనీ కంపెనీ మోసం చేసిందా అంటే అదీ కాదు. పాలసీ కాగితంలో ఆ ముక్క స్పష్టంగానే రాసి ఉంది. మేము చదవలేదు, అంతే.

రాత్రి చాకిరీ, ఒళ్లు తుడవడం, రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, ఇవన్నీ నేను చేసినవే. వాటికి లెక్క పుస్తకంలో కాలమ్ లేదు. ఆ మూడేళ్లలో నా నడుము నొప్పికి మింగిన మాత్రలు కూడా అందులో రాయలేదు. కోడలు చేసే సేవ ఖర్చు కాదని లోకం అనుకుంటుంది మరి!

వైద్యం వేరు, సేవ వేరు

ముందు మనం ఒక తేడా తెలుసుకోవాలి. వైద్యం అంటే డాక్టరు గారు చేసేది. ఆపరేషను, ఇంజెక్షను, ఆసుపత్రి మంచం. సేవ అంటే మనిషి తన పని తాను చేసుకోలేనప్పుడు పక్కవాళ్లు చేసి పెట్టేది. చాలా చోట్ల దీన్ని ఆరు పనులతో కొలుస్తారు. స్నానం చేయడం, బట్టలు కట్టుకోవడం, అన్నం తినడం, మరుగుదొడ్డికి పోవడం, నడవడం, మంచం మీంచి కుర్చీలోకి మారడం. ఈ ఆరింటిలో రెండు మూడు చేసుకోలేకపోతే ఆ మనిషికి దీర్ఘకాలం సేవ కావాలన్నమాట.

ఇప్పుడు మన ఇళ్లల్లో ఉండే బీమాలన్నీ వరుసగా పెట్టి చూడండి. ఎల్.ఐ.సి. వాళ్ల మామూలు జీవిత బీమా పాలసీ గడువు తీరితేనో, మనిషి పోతేనో డబ్బిస్తుంది. మంచాన పడి బతికుంటే ఇవ్వదు. మన రాష్ట్రంలో రైతులకు 2018 ఆగస్టు 15న మొదలైన రైతు బీమా 5 లక్షలిస్తుంది, అదీ రైతు కన్ను మూసిన తరువాతే. 2007 ఏప్రిల్‌లో వచ్చిన ఆరోగ్యశ్రీ పేదవాళ్లకు పెద్ద అండ. 2023 డిసెంబరులో తెలంగాణలో దాని పరిమితిని 10 లక్షలు చేశారు. కానీ అది ఆసుపత్రి వైద్యానికే. డెబ్బై ఏళ్లు దాటిన వాళ్లందరికీ, ఆస్తిపాస్తులతో నిమిత్తం లేకుండా, ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం అని కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబరు 29న ఆయుష్మాన్ వయ వందన కార్డు ప్రారంభించింది. అదీ ఆసుపత్రికే. మనం డబ్బు పోసి కొనుక్కునే ఆరోగ్య బీమా కూడా ఎక్కువగా ఇరవై నాలుగు గంటలు ఆసుపత్రిలో పడుకుంటేనే లెక్క.

"మా పాలసీలో ఇంటి దగ్గర చికిత్స కూడా ఉందండీ" అని కొందరు అంటారు. ఉంటుంది. దాని అర్థం వేరు. ఆసుపత్రిలో చేర్చవలసిన జబ్బే అయి ఉండి, రోగిని కదిలించే వీలు లేకపోతేనో, ఆసుపత్రిలో మంచం దొరకకపోతేనో, డాక్టరు పర్యవేక్షణలో ఇంట్లో చేసే వైద్యం అది. ఆయమ్మ జీతం, డైపర్ల ఖర్చు అందులోకి రావు.

ఇలా ఏళ్ల తరబడి సేవ అవసరమైన కుటుంబాలు మనకు కొత్త కాదు. మన నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడు నీళ్లు తాగి చిన్నతనంలోనే ఎముకలు వంకర పోయి, లేవలేక కూర్చోలేక బతికిన వాళ్లను చూడలేదా? వాళ్ల వెనుక ఏ బీమా ఉంది? ఒక తల్లి ఉంది. తల్లి పోతే వదినె ఉంది.

ఇతర దేశాల వాళ్లు ఏం చేశారు

జర్మనీ దేశంలో 1995 నుంచి దీనికోసమే ప్రత్యేకంగా ఒక బీమా పెట్టారు. ఉద్యోగం చేసే ప్రతివాళ్లూ జీతంలోంచి కొంత కట్టవలసిందే. ముసలివాళ్లు ఎక్కువగా ఉన్న జపానులో 2000 ఏప్రిల్‌లో మొదలైంది. అక్కడ నలభై ఏళ్లు నిండగానే కట్టడం మొదలవుతుంది. అవసరం పడ్డప్పుడు సేవ ఖర్చులో పదోవంతు ఇంటివాళ్లు పెట్టుకుంటే చాలు, బాగా ఆదాయం ఉన్నవాళ్లయితే ఇంకొంచెం ఎక్కువ. జపానులో ఇది రావడానికి కారణం ఏమిటో తెలుసా? అక్కడా మనలాగే అత్తమామల సేవంతా కోడళ్ల నెత్తినే పడేది. పిల్లలు తగ్గి, ఆడవాళ్లు ఉద్యోగాలకు పోయి, చూసే దిక్కు లేక ముసలివాళ్లు ఆసుపత్రుల్లోనే నెలల తరబడి ఉండిపోతుంటే ప్రభుత్వం ఈ ఏర్పాటు చేసింది.

మన తెలుగువాళ్లు చాలామంది ఉన్న సింగపూరులో 2020లో కొత్త పద్ధతి వచ్చింది. ఇందాక చెప్పిన ఆరు పనుల్లో మూడు చేసుకోలేని స్థితి వస్తే, ఆ స్థితి ఉన్నంతకాలం నెల నెలా డబ్బు చేతికిస్తారు. అమెరికాలో పిల్లలున్న తల్లులు ఒకటి గమనించాలి. అక్కడ ముసలివాళ్లకు ప్రభుత్వమిచ్చే మెడికేర్ కూడా ఏళ్ల తరబడి చేసే ఇంటి సేవకు డబ్బివ్వదు. అందుకే వాషింగ్టన్ రాష్ట్రం, అంటే మన పిల్లలుండే సియాటిల్ వైపు, 2023 జూలై నుంచి జీతంలో 0.58 శాతం దీనికోసం పట్టుకుంటున్నది.

మన దేశంలో అటువంటి జాతీయ బీమా లేదు. 2011 జనాభా లెక్కల్లోనే అరవై దాటినవాళ్లు 10 కోట్ల 38 లక్షల మంది. రేపు ఏర్పాటు వస్తుందేమో, రానివ్వండి. అప్పటిదాకా ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్లు కాకుండా, ఉన్నవాటినే నాలుగింటిని కలిపి మన ఏర్పాటు మనం చేసుకోవాలి. ఆ నాలుగూ ఏవో చెబుతాను.

మొదటిది: ఆరోగ్య బీమా, వయసులో ఉండగానే

సేవ ఖర్చు ఇవ్వని ఆరోగ్య బీమా ఎందుకు అంటారేమో. ఆసుపత్రి బిల్లుకే దాచుకున్నదంతా ఊడ్చుకుపోతే తరువాత సేవకు ఏం మిగులుతుంది? అందుకని ముందు ఆ గండి పూడ్చాలి. ఒంట్లో బాగున్నప్పుడే, నలభైల్లోనే తీసుకోవాలి. షుగరు, బి.పి. వచ్చినాక పోతే ప్రీమియం పెంచవచ్చు, ఆ జబ్బులకు కొంతకాలం డబ్బివ్వమనీ అనవచ్చు. 2024 ఏప్రిల్ నుంచి ఈ ఆగే కాలం మూడేళ్లకు మించరాదని నియమం పెట్టారు. అంతకుముందు నాలుగేళ్లు ఉండేది. అరవై అయిదు దాటినవాళ్లకు పాలసీ లేదనే పాత నిబంధన కూడా అప్పుడే తీసేశారు. 2025 జనవరిలో ఇంకో కట్టడి వచ్చింది. అరవై దాటినవాళ్ల ప్రీమియం ఏడాదికి 10 శాతం మించి పెంచాలంటే, కంపెనీ ముందుగా బీమా నియంత్రణ సంస్థను సంప్రదించాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి మనం సొంతంగా తీసుకునే ఆరోగ్య, జీవిత బీమాల ప్రీమియం మీద 18 శాతం జి.ఎస్.టి. కూడా ఎత్తివేశారు. కాబట్టి "ఇప్పుడేం తీసుకుంటాంలే" అని వదిలేసిన వాళ్లు మళ్లీ ఒకసారి అడిగి చూడవచ్చు.

ఏ పాలసీ అర్థం కాకపోతే ఆరోగ్య సంజీవని అని అడగండి. 2020 ఏప్రిల్ నుంచి అన్ని కంపెనీలూ ఒకే నిబంధనలతో అమ్మవలసిన పాలసీ ఇది. ఏ కంపెనీ దగ్గర తీసుకున్నా లోపలి సరుకు ఒకటే, ధరే తేడా. బిల్లులో 5 శాతం మనం పెట్టుకోవాలి.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. చాలా పాలసీల్లో ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన తరువాత కూడా అరవై రోజుల వరకు ఆ జబ్బుకు సంబంధించిన మందులు, పరీక్షలు, డాక్టరు రాసిన ఫిజియోథెరపీ వంటివి అడగవచ్చు. నాకు ఆ సంగతి తెలియక రసీదులు తీసుకోలేదు. ఆ రెండు నెలల డబ్బు అట్లా పోయింది. మీరు మాత్రం ప్రతి చీటీ మీద రోగి పేరు, తేదీ రాయించుకుని ఒక సంచిలో దాచండి. డాక్టరు గారు ఇంటికి పంపే చీటీ మీద ఫిజియోథెరపీ కావాలని రాయించుకోవడం మరువకండి.

రెండవది: పెద్ద జబ్బుల బీమా, ప్రమాద బీమా

పెద్ద జబ్బుల పాలసీ అని వేరే ఉంది. క్రిటికల్ ఇల్నెస్ పాలసీ అని అడిగితే ఏజెంటుకు తెలుస్తుంది. క్యాన్సరు, గుండెపోటు, పక్షవాతం, కిడ్నీలు పాడవడం వంటి జబ్బుల జాబితా ఒకటి ఉంటుంది. అందులో ఉన్న జబ్బు వస్తే బిల్లులతో పని లేకుండా ఒకేసారి మొత్తం డబ్బు చేతికిస్తారు. ఆ డబ్బు ఆసుపత్రికే పెట్టాలని లేదు. ఆయమ్మ జీతానికి పెట్టుకోవచ్చు, ఇంట్లో మరుగుదొడ్డి సరిచేయించుకోవచ్చు, అప్పు తీర్చుకోవచ్చు. సేవ ఖర్చుకు మన దేశంలో బీమా నుంచి పనికొచ్చేది ముఖ్యంగా ఇదే.

కానీ షరతులు జాగ్రత్తగా చదవాలి సుమండీ! పాలసీ తీసుకున్న మొదటి మూడు నెలల్లో జబ్బు బయటపడితే సాధారణంగా ఇవ్వరు. పక్షవాతం వచ్చినా, మూడు నెలల తరువాత కూడా నరాల లోపం అట్లాగే మిగిలి ఉందని వైద్యుల ఆధారం చూపాలి. చేయి కొద్దిగా తిమ్మిరి ఎక్కి నాలుగు రోజుల్లో బాగైపోతే డబ్బు రాదు. మతిమరపు జబ్బు, వణుకుడు జబ్బు కొన్ని కంపెనీల జాబితాలో ఉంటాయి, కొన్నింటిలో ఉండవు. జారిపడి తుంటి ఎముక విరిగి మంచాన పడే పెద్దవాళ్లు మన మధ్య ఎంతమంది! అది చాలా జాబితాల్లో కనిపించదు. కాబట్టి "ముప్పై జబ్బులకు ఇస్తామమ్మా" అన్న ఏజెంటు మాట విని సంతోషించకుండా, ఆ పేర్లు చదివించుకుని వినండి.

ప్రమాద బీమా మాటకొస్తే, బ్యాంకు ఖాతా ఉన్న ప్రతి ఇల్లాలూ తీసుకోవలసింది ఒకటుంది. 2015లో మొదలైన ప్రధానమంత్రి సురక్షా బీమా. ఏడాదికి 20 రూపాయలు. పద్దెనిమిది నుంచి డెబ్బై ఏళ్ల వాళ్లకు. ప్రమాదంలో ప్రాణం పోయినా, రెండు కళ్లో, రెండు చేతులో, రెండు కాళ్లో పూర్తిగా పోయినా 2 లక్షలు. ఒక కన్నో, చేయో, కాలో పోతే 1 లక్ష. సూర్యాపేట, కోదాడ మీదుగా పోయే విజయవాడ రోడ్డు మీదా, మన ఊరి పక్క అద్దంకి రోడ్డు మీదా రోజూ మనవాళ్లు తిరుగుతూనే ఉన్నారు. ఇరవై రూపాయలంటే రెండు కట్టల కొత్తిమీర! దీనికి ఆలస్యమెందుకు?

పుట్టుకతో బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ వంటి ఇబ్బంది ఉన్న పిల్లల తల్లులకు ఒక మాట. కేంద్ర ప్రభుత్వపు నేషనల్ ట్రస్టు వాళ్ల నిరామయ పథకం ఉంది. ఏడాదికి 1 లక్ష వరకు ఇస్తుంది. ముందుగా వైద్య పరీక్షలు అడగరు. ఆసుపత్రిలో చేరకపోయినా క్రమం తప్పకుండా చేయించే థెరపీలకు కూడా అందులో చోటుంది. "నా తరువాత వీడి గతేమిటి" అని కుమిలిపోయే తల్లికి ఇది చిన్న ఊతమే, అయినా ఊతమే.

మూడవది: నెల నెలా వచ్చే డబ్బు

సేవ ఖర్చు నెల నెలా వస్తుంది కాబట్టి దాన్ని ఎదుర్కొనే డబ్బు కూడా నెల నెలా రావాలి. అరవై నిండినవాళ్లకు పోస్టాఫీసులోనూ బ్యాంకుల్లోనూ సీనియర్ సిటిజన్స్ పొదుపు పథకం ఉంది. 2023 ఏప్రిల్‌లో దీని పరిమితి 30 లక్షలకు పెంచి, వడ్డీ 8.2 శాతం చేశారు. ఆ లెక్కన 10 లక్షలు వేస్తే మూడు నెలలకోసారి 20,500 చేతికి వస్తుంది. వేసిన రోజున ఉన్న వడ్డీ అయిదేళ్లు మారదు. కాబట్టి వేసే ముందు ఆనాటి వడ్డీ అడిగి తెలుసుకోండి.

ఇంకొకటి, 2021 ఏప్రిల్ నుంచి బీమా కంపెనీలు అమ్మే సరళ్ పెన్షను. ఒకేసారి కొంత మొత్తం కడితే బతికున్నన్నాళ్లూ పెన్షను ఇస్తారు. భార్యాభర్తలిద్దరి పేరా తీసుకోవచ్చు. తరువాత అసలు వారసులకు వస్తుంది. ఇందులో నాకు నచ్చిన సంగతేమంటే, తీసుకున్న ఆరు నెలల తరువాత మనకో, భార్యకో, భర్తకో, పిల్లలకో పాలసీలో చెప్పిన పెద్ద జబ్బు వస్తే, పాలసీ వదులుకుని కట్టినదాంట్లో 95 శాతం వెనక్కి తీసుకోవచ్చు.

"మా దగ్గర లక్షలెక్కడివి తల్లీ?" అంటారా? నలభై ఏళ్ల ఇల్లాలు నెలకు 2,000 చొప్పున పదిహేనేళ్లు రికరింగ్ డిపాజిట్‌లో వేస్తూ పోతే కట్టింది 3 లక్షల 60 వేలు. వడ్డీ 7 శాతం పడుతుందనుకుంటే చేతికొచ్చేది సుమారు 6 లక్షల 30 వేలు. ఇది మహా సంపద కాదు. ధరలు ఏడాదికి 6 శాతం పెరిగితే పన్నెండేళ్లకు రెట్టింపు అవుతాయి. అంటే ఇవాళ 24,000 అయ్యే సేవ అప్పటికి 48,000 అవుతుంది. ఆ 6 లక్షల 30 వేలు సుమారు ఒక ఏడాదికి మాత్రమే వస్తాయి. కానీ ఆ మొదటి ఏడాది అప్పు కోసం బంధువుల గడప తొక్కే అవసరం రాదు. ఎవరు చూడాలి, ఎట్లా చూడాలి అని నిదానంగా ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. అది చిన్న విషయమా?

నాలుగవది: కాగితాలు, సంతకాలు

మా అత్తమ్మ పేర ఒక బ్యాంకులో 3 లక్షల డిపాజిట్ ఉండేది. ఆమె ఒక్కదాని పేరే. కుడి చేయి పడిపోయినాక సంతకం కుదరలేదు. మా వారు నాలుగుసార్లు తిరిగినా "ఆమె వచ్చి సంతకం చేయాలి" అన్నారు. నామినీ మా వారే అయినా పనికి రాలేదు. నామినేషను మనిషి పోయిన తరువాతి సంగతి, బతికుండగా కాదు! తరువాత తెలిసింది, సంతకం చేయలేని రోగి వేలిముద్రను ఇద్దరు సాక్షులు, అందులో ఒకరు బ్యాంకు అధికారి, ధృవీకరిస్తే డబ్బు ఇవ్వవచ్చని రిజర్వు బ్యాంకు నియమం ఉందని. ఆ ముక్క అడిగితే పని అయింది. మీరు అంతదాకా తెచ్చుకోకుండా, "ఇద్దరిలో ఎవరైనా" అనే పద్ధతిలో ఖాతాలు, డిపాజిట్లు రాయించుకోండి.

ఇల్లు, పొలం పిల్లల పేర రాసేటప్పుడు కూడా ఒక జాగ్రత్త ఉంది. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం ప్రకారం, "మమ్మల్ని చూసుకోవాలి" అన్న షరతుతో ఆస్తి రాసి ఇచ్చి, వాళ్లు చూడకపోతే, ఆ రాత రద్దు చేయమని అడగవచ్చు. ఆ షరతును దస్తావేజులోనే రాయించుకోవడం మంచిది. "కన్నపిల్లలకు షరతులేమిటి" అని నొచ్చుకోవద్దు. మంచి పిల్లలకు ఆ వాక్యం అడ్డం రాదు. ఈ చట్టం కింద అర్జీ ఆర్.డి.ఓ. గారి ఆఫీసులో ఇవ్వాలి. మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ మూడు చోట్లా ఆ ఆఫీసులున్నాయి. ఏ సలహాకైనా వృద్ధుల కోసం 14567 అనే టెలిఫోను నంబరు ఉంది, డబ్బు పడదు.

దాచకండి, మరువకండి

పాలసీ ఫారం నింపేటప్పుడు ఉన్న జబ్బు దాచవద్దు. "షుగరు సంగతి రాయొద్దమ్మా, ప్రీమియం పెరుగుతుంది" అని ఎవరైనా అంటే వినకండి. అయిదేళ్లు వరుసగా కట్టినాక, మోసం అని రుజువైతే తప్ప, పాత జబ్బు చెప్పలేదని కంపెనీ డబ్బు ఎగవేయరాదు. ఆ లోపల మాత్రం పట్టుకోవచ్చు. పాలసీ చేతికి వచ్చిన ముప్పై రోజుల్లో చదివి, నచ్చకపోతే వెనక్కి ఇవ్వవచ్చు. ఏటా కట్టే తేదీ క్యాలెండరు మీద ఎర్రగా రాసి పెట్టుకోండి. గడువు దాటితే ముప్పై రోజుల వెసులుబాటు ఉంటుంది, అదీ దాటితే ఇన్నేళ్ల పుణ్యం పోతుంది. న్యాయంగా రావలసింది కంపెనీ ఇవ్వకపోతే ముందు కంపెనీకే కాగితం రాయండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ ఆఫీసు ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఫోనులో అడగాలంటే బీమా నియంత్రణ సంస్థ నంబరు 155255.

చివరగా ఒక్క మాట. ఇంతసేపూ మనం అత్తమ్మను, అమ్మను, మామయ్యను ఎట్లా చూడాలా అనే మాట్లాడుకున్నాం. మరి మన సంగతి? మన ఇళ్లల్లో భర్త వయసులో పెద్ద. ఆయనను చివరిదాకా చూసుకునేది మనం. దాచిందంతా ఆయన వైద్యానికి ఊడ్చి పెట్టేదీ మనమే. ఆ తరువాత పదేళ్లు ఒంటరిగా మిగిలేదీ మనమే. ఆ పదేళ్లకు ఎవరి పేర ఏముంది? పాలసీ ఆయన పేరే, డిపాజిట్ ఆయన పేరే, ఇల్లూ ఆయన పేరే. "నీకెందుకు, నేను లేనా" అంటారు ప్రేమతో. ఉండాలనే కోరుకుంటాం. అయినా ఇల్లాలి పేర ఒక ఆరోగ్య బీమా, ఒక పెద్ద జబ్బుల పాలసీ, ఒక చిన్న డిపాజిట్ ఉండి తీరాలి. సంపాదన లేదు కాబట్టి ఆడవాళ్లకు పాలసీ మొత్తం తక్కువ ఇస్తామని కొన్ని కంపెనీలు అనవచ్చు. ఇచ్చినంతైనా తీసుకోండి.

అత్తమ్మకు చివరిదాకా మాట రాలేదు. కానీ రాత్రిపూట పక్కకు తిప్పినప్పుడల్లా ఎడమ చేత్తో నా చేయి పట్టుకుని ఊరికే చూసేది. ఆ చూపులో "నీకెంత కష్టం పెట్టాను బిడ్డా" అన్నట్లు ఉండేది. ఆమె తప్పేముంది? రేపు ఆ మంచం మీద నేనుంటే, నా కోడలి వంకో, కూతురి వంకో అట్లా చూడవలసిన పని రాకూడదని నా కోరిక. పక్కన మనుషులు ఉండాలి. వాళ్లు నా చేయి పట్టుకుని కూర్చోవాలి. ఖర్చు సంగతి మాత్రం నేను ముందే చూసి పెట్టి ఉండాలి.

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు పెద్దలు. ఈ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంట్లో ఉన్న పాలసీ కాగితాలన్నీ పెట్టె దించి బయటకు తీయండి. ఇంటాయనను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటి చదవండి. ప్రతి దాని మీదా ఒకే ప్రశ్న అడగండి. "మన ఇద్దరిలో ఒకరు మంచాన పడి బతికుంటే, ఇది ఏమిస్తుంది?" జవాబు తెల్ల కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం ఖాళీగా ఉంటే భయపడకండి. ఎక్కడ మొదలు పెట్టాలో మీకు తెలిసినట్లే.